పధ్నాలుగు-బి ఖాళీగానే ఉంది

మూడోసారి కూడా యంత్రం మార్కండేయుల్ని లోపలికి రానివ్వలేదు.

ఆయన పధ్నాలుగు-బి సీట్లో నిటారుగా కూర్చుని, బెల్టు బిగించుకుని, ఆర్మ్‌రెస్టులు రెండూ గట్టిగా పట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. చెప్పినట్టే ఊపిరి పీల్చి పది అంకెలు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. నాలుగు దాటకముందే టింగుమని గంట మోగింది. కళ్ళు తెరిస్తే ఎదురుగా స్క్రీను మీద మళ్ళీ అవే ఎర్ర అక్షరాలు. "ఈ ప్రయాణికుడు విమానంలో ఇప్పటికే ఉన్నారు. దయచేసి మరొక ప్రయాణం ఎంచుకోండి."

"ఇదెక్కడి చోద్యమమ్మా!" అన్నాడు మార్కండేయులు. "నేను విమానంలో ఉండటమేమిటి? ఇక్కడ నీ ఎదురుగా కూర్చుని చస్తుంటేనూ!"

అద్దం గోడకి అవతల నిలబడ్డ డాక్టర్ ఫిలోమినా కంప్యూటర్ కేసి చూస్తోంది. ఈ యంత్రాన్ని కనిపెట్టిన ముగ్గురిలో ఆవిడ ఒకరు. ఆవిడ పక్కన కుర్చీలో మార్కండేయులు కూతురు నిహిత, తండ్రి చేతికర్ర పట్టుకుని కూర్చుని ఉంది.

ఇది జరుగుతున్నది 2043లో, హైదరాబాదులో, బేగంపేట పాత విమానాశ్రయం హ్యాంగర్లో. ఒకప్పుడు ఈ ఆవరణలో ఎంత సందడి! ఒక మనిషి విమానం ఎక్కుతుంటే పదిమంది సాగనంపడానికి వచ్చేవాళ్ళు. టికెట్టు కొనుక్కుని మరీ లోపలికొచ్చి, కటకటాల దగ్గర నిలబడి చేతులూపేవాళ్ళు. ఎవరు ఊపుతున్నారో విమానంలోవాడికి తెలియదు, ఎవరికి ఊపుతున్నారో కిందివాళ్ళకి తెలియదు, అయినా ఊపేవాళ్ళు. ఇప్పుడిక్కడ విమానాలు లేవు. గోదావరి ఎయిర్‌వేస్ వాళ్ళ పాత జెట్ విమానం నడుం ముక్క ఒకటి, పద్దెనిమిది వరసల సీట్లతో, సిమెంటు దిమ్మల మీద నిలబెట్టి ఉంది. దాన్నే 'తిరుగు సీటు' అంటున్నారు.

తిరుగు సీటంటే ఏమిటో అర్థం చేసుకోవడానికి పెద్ద చదువులు అక్కర్లేదు. విమానం తలుపు వేశాక మళ్ళీ తీసేదాకా లోపలి గాలి లోపలే, లోపలి మాట లోపలే. ఆవకాయ జాడీకి వాసెన కట్టినట్టు ఆ గంట సేపూ ప్రపంచం నుంచి విడిగా, బిగించి ఉండిపోతుంది. అలా మూసిన గంట ఎక్కడికీ పోదనీ, ఎన్నేళ్ళయినా చెడకుండా ఉంటుందనీ ఫిలోమినా బృందం కనిపెట్టింది. అదే విమానపు సీట్లో మనిషిని కూర్చోబెట్టి, ఆ రోజు తేదీ యంత్రానికి చెబితే, ఆ మనిషి చూపూ వినికిడీ ఆ గంటలోకి వెళతాయి. ఒళ్ళు మాత్రం హ్యాంగర్లోనే ఉంటుంది. అక్కడివాళ్ళకి మనం కనపడం, వినపడం. ఒక్క షరతు. ఆ రోజు ఖాళీగా పోయిన సీట్లోనే కూర్చోగలం. అదీ ఒక్కసారే. ఒకసారి ఎవరైనా వెళ్ళొస్తే ఆ సీటు దగ్గర వాసెన ఊడినట్టే, ఇక ఎవరూ వెళ్ళలేరు.

ఇంత గొప్ప విషయం కనిపెడితే ఏం చేశారు? విమాన కంపెనీ కొనేసింది. గతాన్ని డబ్బుకి అమ్మకూడదని ప్రభుత్వం చట్టం చేస్తే, రివార్డు పాయింట్లు డబ్బు కాదు కదా అని కంపెనీ లాయర్లు వాదించి నెగ్గారు. దాంతో ఒకప్పుడు విమానాల్లో కాలికి బలపం కట్టుకుని తిరిగి పాయింట్లు కూడబెట్టుకున్న ముసలివాళ్ళందరికీ ఒక్కసారిగా దశ తిరిగింది.

అలాంటివాళ్ళలో మార్కండేయులు మొదటి వరసలో ఉంటాడు. మంగళగిరి మగ్గాల ఇంట్లో పుట్టి, ఇంజనీరింగ్ చదివి, బిస్కెట్ ఫ్యాక్టరీల్లో ప్యాకింగ్ మిషన్లు బాగుచేసే సర్వీసు ఇంజనీరుగా ముప్ఫై ఒక్క ఏళ్ళు దేశమంతా తిరిగాడు. పాయింట్ల పిచ్చి అంతా ఇంతా కాదు. ఇండోర్ వెళ్ళాలంటే ఢిల్లీ మీదుగా వెళ్ళేవాడు, దూరం పెరిగితే పాయింట్లు పెరుగుతాయని. చింపిచ్చిన బోర్డింగ్ పాసు ముక్కల్ని బోర్న్‌విటా డబ్బాలో దాచేవాడు. కంపెనీ ఎప్పుడైనా పాయింట్లు వెయ్యడం మరిచిపోతే ఆ ముక్కకి ఉత్తరం జతచేసి రిజిస్టర్డ్ పోస్టులో పంపేవాడు.

"ఇన్ని పాయింట్లు ఏం చేసుకుంటారండీ?" అని భార్య సువర్చల నవ్వేది.

"నిన్ను విమానం ఎక్కిస్తాను" అనేవాడు.

అనడమే గానీ ఎక్కించింది లేదు. దసరాకి అడిగితే రివార్డు సీట్లు లేవన్నారు. వేసవికి అడిగితే ఆ తేదీల్లో వర్తించదన్నారు. ఆవిడ అడిగిందల్లా ఒక్కటే, సముద్రాన్ని పైనుంచి చూడాలని. చివరికి 2003 నవంబరులో, పండగా పబ్బం లేని ఒక బుధవారం, హైదరాబాదు నుంచి విశాఖపట్నానికి రెండు సీట్లు దొరికాయి. పధ్నాలుగు-ఎ కిటికీ పక్కన ఆవిడకి, పధ్నాలుగు-బి ఆయనకి. సువర్చల ఎక్కిన విమానం అదొక్కటే. వచ్చేటప్పుడు రైల్లో వచ్చారు. నిహితకి నాలుగేళ్ళప్పుడు విషజ్వరం వచ్చి ఆవిడ పోయింది.

ఇప్పుడు ఆ గంటలోకి ఒక్కసారి వెళ్ళి సువర్చల పక్కన కూర్చోవాలని మార్కండేయులు ఆశ. డెబ్భై ఏడేళ్ళ వయసులో ఆయనకి ఇంకో కోరిక లేదు. ఉన్న పాయింట్లు సరిగ్గా ఒక్క తిరుగు సీటుకి సరిపోతాయి. సాయంత్రం ఐదు దాకా ఆ సీటు ఆయన పేరు మీద ఉంటుంది. ఐదు దాటితే వెయిటింగ్ లిస్టులో ఉన్నవాళ్ళకి పోతుంది. వాళ్ళకి సువర్చల ఎవరో కూడా తెలియదు, పాత విమానాల్లో కట్‌లెట్ వాసన ఎలా ఉండేదో చూద్దామని వచ్చే సరదా మనుషులు. గోడ గడియారంలో మూడున్నర అయింది.

డాక్టర్ ఫిలోమినా అద్దం తలుపు తీసుకుని లోపలికొచ్చింది. యాభై దాటిన మనిషి, మెత్తగా మాట్లాడుతుంది.

"మార్కండేయులు గారూ, ఒక సంగతి అడుగుతాను, ఏమనుకోకండి. ఆ రోజు మీరు ఈ సీట్లోనే కూర్చున్నారా?"

"టికెట్టు ఇదేగా?"

"టికెట్టు ఇదే. కానీ ఈ సీటు ఆ రోజు ఖాళీగా పోయిందని రికార్డుల్లో ఉంది. ఖాళీగా పోయింది కాబట్టే మీకు ఇవ్వగలిగాం. మీరు మరి ఎక్కడున్నారు? విమానం ఎక్కలేదా?"

మార్కండేయులు కూతురు వైపు చూసి, చప్పున తల దించుకున్నాడు.

"ఎక్కాను" అన్నాడు చివరికి. "ముందు కూర్చున్నాను."

"ముందంటే?"

"బిజినెస్ క్లాసులో. రెండు-సి. గేటు దగ్గర పేరు పెట్టి పిలిచారమ్మా. గోల్డ్ కార్డు ఉన్నందుకు ఒక సీటు పైకి మారుస్తాం అన్నారు. ఒకటే ఉందట. నేను వద్దనే అన్నాను... అంటే, గట్టిగా అనలేదు. 'వెళ్ళండి, ఊరికే వచ్చేది వదులుకుంటారా, గంటేగా' అంది మా ఆవిడ. వెళ్ళాను. మధ్యలో పరదా వేశారు."

నిహిత లేచి నిలబడింది. ఆమె ఆడియాలజిస్టు. రోజూ పదిమంది చెవుల్ని పరీక్షించి, ఎవరు ఏ శబ్దం వినగలరో తేల్చి చెబుతుంది. కానీ తల్లి గొంతు ఎలా ఉండేదో ఆమెకి గుర్తులేదు. సువర్చల మాటలు ఎక్కడా రికార్డు కాలేదు. పెళ్ళి క్యాసెట్ ఉంది గానీ, వీడియో అతను మాటలన్నీ తీసేసి ఆ చివరి నుంచి ఈ చివరి దాకా సినిమా పాటలు నింపేశాడు. తల్లి గురించి నిహితకి ఉన్నదంతా తండ్రి చెప్పిన కథలు. అందులో అన్నిటికన్నా ఇష్టమైనది ఈ విమానం కథ.

"నాన్నా, టేకాఫ్ అప్పుడు అమ్మ భయపడి నీ చెయ్యి పట్టుకుందన్నావు."

మార్కండేయులు బెల్టు కొస సవరించుకున్నాడు.

"గోళ్ళు దిగబడి రక్తం వచ్చిందన్నావు. ఆ మచ్చ చూపించేవాడివి కదా నాకు! చిన్నప్పుడు రోజూ ఆ మచ్చకి ముద్దు పెట్టుకుని పడుకునేదాన్ని."

"అది ప్యాకింగ్ మిషన్ బ్లేడు గీసుకుందమ్మా" అన్నాడు ఆయన. "నాసిక్‌లో."

నవ్వాలో ఏడవాలో తెలియని పరిస్థితి. ఫిలోమినా మొహం తిప్పుకుని కాగితాలు సర్దుకున్నట్టు నటించింది. నిహిత ఏడవలేదు, నవ్వలేదు. మళ్ళీ కూర్చుంది. ముప్ఫై ఐదేళ్ళుగా కూతురికి చెబుతూ చెబుతూ ఆ కథని మార్కండేయులు తానే నమ్మేశాడు. పాపం, మోసం చెయ్యాలని కాదు. తల్లి లేని పిల్ల అడిగితే 'మీ అమ్మ పక్కన నేను కూర్చోలేదమ్మా, ముందుకెళ్ళి వేడి తువ్వాలుతో మొహం తుడుచుకున్నాను' అని ఎలా చెబుతాడు? ఆ రోజు సువర్చల పరదా వెనక ఒంటరిగా కూర్చుని ఏమనుకుందో ఆయనకి ఇప్పటిదాకా తెలియదు. విశాఖలో దిగాక అడుగుదామనుకుని, అడగడానికి మొహం చెల్లక ఊరుకున్నాడు.

"మీరు ఆ విమానంలో ఉన్నారు కాబట్టే యంత్రం రానివ్వట్లేదు" అంది ఫిలోమినా. "ఒకే మనిషి ఒకే మూసిన గంటలో రెండుచోట్ల ఉండటం కుదరదండీ. ఒకే డీఎన్ఏ రెండు జాగాలు ఆక్రమిస్తే ఆ గంట తట్టుకోదు. మీకన్నా ముందు పదకొండు మందిని ఇలాగే వెనక్కి పంపింది. దీని మీద నేనొక పేపర్ కూడా రాశాను."

"అంటే, ఆ రోజు ముందు సీటుకి వెళ్ళినందుకే ఇవాళ వెనక సీటు దొరికింది. ముందు సీటుకి వెళ్ళినందుకే దొరికిన సీట్లో కూర్చోవడం కుదరదు. అంతేనా?"

"అంతేనండి."

"ఏడ్చినట్టే ఉంది" అన్నాడు మార్కండేయులు.

పైన రేకుల మీద పావురాలు గుడగుడమంటున్నాయి. ఫిలోమినా గడియారం చూసింది.

"ఇంకొక దారి ఉంది. మీ పాయింట్లు ఫ్యామిలీ ఖాతాలో ఉన్నాయి. కుటుంబంలో ఇంకొకరికి ఈ సీటు మార్చుకోవచ్చు. ప్రయాణం యాభై ఐదు నిమిషాలు. నాలుగింటికి మొదలుపెట్టినా ఐదులోపు అయిపోతుంది. కానీ సీటు ఖర్చయిపోతుంది. రేపో మాపో యంత్రం బాగుపడి మీలాంటివాళ్ళని రానిచ్చినా, మీకిక అక్కడ జాగా ఉండదు. ఆ విమానంలో ఖాళీగా పోయింది ఈ ఒక్క సీటే."

"నేను వెళ్ళను" అంది నిహిత వెంటనే. "పాయింట్లు నాన్నవి. ఆ సీటూ నాన్నదే. వేచి చూద్దాం."

"వేచి చూస్తే ఐదింటికి ఎవడో కట్‌లెట్లవాడు వచ్చి కూర్చుంటాడు" అన్నాడు మార్కండేయులు.

ఆయన ఇంకా బెల్టు విప్పలేదు. ఎడమపక్క ఖాళీ సీటుని చేత్తో తడిమాడు. నీలం గుడ్డ, అక్కడక్కడ దారాలు లేచాయి. ఇక్కడే కూర్చుంది. ముదురాకుపచ్చ మంగళగిరి చీర, తన అన్న మగ్గం మీద నేసిందే. వాడిపోతాయేమోనని జడలో పూలు కూడా గుడ్డ పూలే పెట్టుకుంది. గేటు దగ్గర నుంచి తను ముందుకు నడుస్తున్నప్పుడు వెనక్కి తిరిగి చూశాడా? ఎంత తన్నుకున్నా గుర్తురాదు. రెండు-సిలో సీటు ఎంత వెడల్పుగా ఉందో, గాజు గ్లాసులో నారింజరసం ఎంత చల్లగా ఉందో మాత్రం నిన్నటిలా గుర్తుంది. తనమీద తనకే అసహ్యం వేసింది.

భయం కూడా వేసింది. కూతురు వెళితే ఏం చూస్తుందో! తల్లి ఒంటరిగా కూర్చుని ఏడవడం చూస్తే? తిట్టుకోవడం వింటే? ముప్ఫై తొమ్మిదేళ్ళ కూతురు, తిరిగొచ్చి తనని ఏ మొహంతో చూస్తుంది? సీటు వదిలేసుకుంటే ఆ బాధ లేదు. ఎవడో ముక్కూ మొహం తెలియనివాడు చూసిపోతాడు, ఎవరికీ ఏమీ తెలియదు. కానీ పిల్ల తల్లి గొంతు ఈ జన్మలో వినదు. ఆ మాట మనసులో అనుకోగానే మార్కండేయులు బెల్టు విప్పేశాడు.

"లేచి రా అమ్మా. వచ్చి కూర్చో."

"నాన్నా..."

"చెవినిల్లు కట్టుకుని పోరకు. నాకు ఒక ముద్ద ఎక్కువ తిన్నా అరగట్లేదు, ఇంకా ఆ మెషిన్లో కరెంటు దెబ్బలెందుకు? రా."

కరెంటు దెబ్బలేమీ ఉండవని ఫిలోమినా చెప్పబోయి ఊరుకుంది.

నాలుగు గంటల రెండు నిమిషాలకి నిహిత పధ్నాలుగు-బిలో కూర్చుని కళ్ళు మూసుకుంది. పది అంకెలు పూర్తయ్యాయి. గంట మోగలేదు. స్క్రీను మీద ఆకుపచ్చ దీపం వెలిగింది. "వెళ్ళారు" అంది ఫిలోమినా.

మార్కండేయులు అద్దం అవతల కుర్చీ వేసుకుని కూతురి మొహం చూస్తూ కూర్చున్నాడు. అంతకంటే చెయ్యగలిగింది లేదు.

"టీ తాగుతారా?" అని అడిగింది ఫిలోమినా. తాగుతానన్నాడు. ఆవిడ తెచ్చిన టీ చేతిలో పట్టుకుని తాగడం మరిచిపోయాడు.

ఆయన మనసు మళ్ళించాలని ఆవిడ ఏవేవో కబుర్లు చెప్పింది. ఈ యంత్రం వచ్చాక ఇప్పటి విమానాల్లో ఒక వింత మొదలైందట. జనం ఒక్కళ్ళే వెళుతూ రెండు టికెట్లు కొంటున్నారట. పక్క సీటు ఖాళీగా ఉంచుకుంటే, రేపు తాము పోయాక పిల్లలెవరైనా వచ్చి కూర్చుంటారని. కూర్చున్నంతసేపూ ఆ ఖాళీ సీటుతో మాట్లాడతారట. ఒకావిడ ఢిల్లీ దాకా గోంగూర పచ్చడి ఎలా చెయ్యాలో ఆ సీటుకి వివరంగా చెప్పిందట. ఒకాయన వీలునామా చదివి వినిపించాడట. ఇంట్లో పక్కనే ఉన్న పిల్లలతో మాత్రం మాట్లాడటానికి ఎవరికీ తీరిక లేదు.

"మా రోజుల్లో అలా కాదమ్మా" అన్నాడు మార్కండేయులు. "పక్క సీటువాడు ఎవడైతేనేం, దిగేలోపు వాడి కులగోత్రాల దాకా తెలిసిపోయేవి. ఎయిర్‌హోస్టెస్ పళ్ళెంలో చాక్లెట్లూ దూదీ తెచ్చేది, చెవుల్లో పెట్టుకోమని. నేను గుప్పెడు తీసుకునేవాణ్ణి, చాక్లెట్లు. ఇంటికి తెచ్చి సువర్చలకి ఇచ్చేవాణ్ణి. ఆవిడ అవి తినకుండా సీసాలో పోసి, వచ్చినవాళ్ళకి 'విమానం చాక్లెట్లు' అని పెట్టేది."

చెబుతూ చెబుతూ ఆగిపోయాడు. అద్దం అవతల నిహిత మొహం మారింది. ముందు కనుబొమలు ముడిపడ్డాయి, ఉలిక్కిపడ్డట్టు. తర్వాత పెదవులు తెరుచుకున్నాయి. మెల్లగా ఒళ్ళంతా ఎడమపక్కకి, కిటికీ సీటు వైపుకి ఒరిగింది. కన్నీళ్ళు కారుతున్నాయి, నవ్వుతోంది కూడా. ఆపైన యాభై ఐదు నిమిషాలు అయ్యేదాకా అలాగే ఒరిగి ఉంది. మార్కండేయులు చేతిలో టీ చల్లారిపోయింది.

నాలుగూ యాభై ఏడుకి ఆకుపచ్చ దీపం ఆరింది. నిహిత కళ్ళు తెరిచి, ఎడమపక్కకి చూసి, ఖాళీ సీటు కనపడేసరికి చిన్నపిల్లలా వెక్కి వెక్కి ఏడ్చింది. తండ్రి వెళ్ళి పక్క సీట్లో కూర్చుని వీపు నిమిరాడు. ఏమీ అడగలేదు. అడగడానికి ధైర్యం చాలలేదు.

"అమ్మ గొంతు కాస్త బొంగురు నాన్నా" అంది నిహిత. "ఎప్పుడూ చెప్పలేదే నువ్వు."

"అవును" అన్నాడు ఆయన. "బొంగురే. మరిచేపోయాను."

"నీ కోసం పరదా దాకా వెళ్ళింది. నాప్కిన్‌లో కట్‌లెట్ పెట్టుకుని. అక్కడి అమ్మాయి పరదా కొంచెం తీసి చూపించిందట, తిరిగొచ్చాక తనే చెప్పుకుంటుంటే విన్నాను. నువ్వు నోరు తెరుచుకుని నిద్రపోతున్నావట. లేపనా అంటే, 'వద్దమ్మా, నెల్లాళ్ళ నుంచీ తిరుగుతూనే ఉన్నారు, పడుకోనీ' అని వెనక్కొచ్చేసింది. వచ్చి కట్‌లెట్ తనే తినేసింది."

మార్కండేయులుకి నారింజరసం గుర్తుంది, తువ్వాలు గుర్తుంది. నిద్రపోయిన సంగతే ఆయనకి గుర్తులేదు.

"ఏడ్చిందా?"

"ఎందుకేడుస్తుంది? కిటికీకి ముక్కు ఆనించి కూర్చుంది. నాతో కబుర్లు చెబుతూనే ఉంది. 'అదిగో చూడు గోదావరి, దారప్పోగులా ఎంత సన్నగా ఉందో! అది సముద్రం చూడు, అబ్బ, కొసే లేదు' అంటూ. నేను హడలిపోయాను, కనపడుతున్నానేమోనని. తర్వాత చూస్తే..." నిహిత తన చెయ్యి పొట్ట మీద పెట్టుకుని చూపించింది. "చెయ్యి ఇక్కడ పెట్టుకుని మాట్లాడుతోంది. 'మీ నాన్నకి ఆకాశంలో చెబుదామనుకున్నానురా, పడుకున్నాడు. పోనీలే, బీచిలో చెబుదాం. అప్పటిదాకా మనిద్దరమే' అంది. నన్నే నాన్నా. నాతోనే మాట్లాడింది."

మార్కండేయులుకి విశాఖ బీచి గుర్తొచ్చింది. ఆ సాయంత్రం మురీ మిక్చరు తింటూ సువర్చల చెప్పింది, పొట్లం కాగితం మడతపెడుతూ, చాలా మామూలుగా. ఆవిడకి కూడా అప్పుడే తెలిసిందనుకున్నాడు ఇన్నాళ్ళూ. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. దుఃఖం వచ్చింది. దానితోపాటే, నలభై ఏళ్ళుగా గుండెల మీద ఉన్న బరువు దిగినట్టు హాయిగా కూడా ఉంది.

నోట్సు రాసుకుంటున్న ఫిలోమినా కలం ఆగిపోయింది.

"ఏమన్నారు?" అంది. "నిహిత గారూ, మీరు ఎప్పుడు పుట్టారు?"

"2004 జూన్‌లో."

"అంటే ఆ నవంబరుకి మీరు... ఆ విమానంలో, పధ్నాలుగు-ఎలో..."

ఆవిడ మొహం పాలిపోయింది. కడుపులో ఉన్నా డీఎన్ఏ డీఎన్ఏయే. ఒకే మనిషి ఒకే మూసిన గంటలో రెండుచోట్ల యాభై ఐదు నిమిషాలు కూర్చుంది, ఆ గంటకి ఏమీ కాలేదు. ఫిలోమినా గబగబా కంప్యూటర్ దగ్గరికి వెళ్ళి, మార్కండేయుల్ని యంత్రం తిప్పికొట్టిన మూడుసార్ల రికార్డూ తెరిచింది. చదివింది. మళ్ళీ చదివింది. తర్వాత కుర్చీలో కూలబడింది.

"యంత్రం కాదండీ" అంది, ఆవిడ గొంతు ఆవిడకే వినపడనట్టు. "యంత్రం అసలు మొదలే కాలేదు. అంతకుముందే బుకింగ్ సాఫ్ట్‌వేర్ ఆపేసింది. ఒక సభ్యుడు ఒకే ప్రయాణంలో రెండు సీట్లు వాడుకోరాదు. రివార్డు నిబంధనల్లో పధ్నాలుగో పేజీ. ఎప్పుడో ముప్ఫై నలభై ఏళ్ళ కిందట ఎవరో గుమాస్తా రాసిన షరతు. ప్రయాణికుల జాబితాలో మీ పేరుంది, ఆపేసింది. నిహిత గారి పేరు లేదు, పంపేసింది."

"అయితే ఆ డీఎన్ఏ, గంట తట్టుకోకపోవడం?"

"ఆ పదకొండు మందిని ఎందుకు పంపలేదో నాకు తెలియలేదు. తెలియక ఒక సిద్ధాంతం తయారుచేశాను." ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఒక్క ఫోన్ చేసి ఆ షరతు తీయించి ఉంటే మీరే వెళ్ళేవారు. నన్ను క్షమించండి మార్కండేయులు గారూ. ఆ సీటు ఇక లేదు."

నిహిత తండ్రి చెయ్యి గట్టిగా పట్టుకుంది. "నాన్నా, నీ జాగా నేను..."

మార్కండేయులు ఎదుటి సీటు వీపు కేసి చూశాడు. కోపం వస్తుందేమోనని తనకే భయం వేసింది. కోపం రాలేదు. తనని తాను బాగా ఎరిగినవాడు గనక ఆయనకి నవ్వొచ్చింది.

"చెయ్యకపోవడమే మంచిదైందమ్మా ఆ ఫోను" అన్నాడు ఫిలోమినాతో. "సీటు దొరుకుతుందని తెలిస్తే, ఈ పిల్లని ఇక్కడ కూర్చోబెట్టి ఈసారి కూడా నేనే పోయేవాణ్ణి."